ఆడనివాడు ఆట నేర్పగలడా?

(విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయులు, పాఠశాల ఫుట్‌బాల్ జట్లు చూసుకునేవారి ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవారిలో కబడ్డీ ఆడినవారు ఉన్నారు, ఖోఖో, వాలీబాల్ ఆడినవారు ఉన్నారు, పరుగులు తీసినవారు ఉన్నారు. ఫుట్‌బాల్ ఆడినవారు చేతులెత్తండి అంటే లేచినవి కొన్నే. అయినా బడిలో చేరిన కొన్నాళ్లకి హెడ్మాస్టారు పిలిచి, "మాస్టారూ, ఈసారి ఫుట్‌బాల్ టీం కూడా మీరే చూసుకోవాలి" అంటారు. బెరుకు అక్కడే మొదలవుతుంది. ఎప్పుడూ ఆడనివాణ్ణి, పిల్లలకి ఏం చెప్తాను? ఇంకోపక్క, ఒకప్పుడు బాగా ఆడిన పెద్దాయన ఎవరో గ్రౌండ్ గట్టు మీద నిలబడి, "ఆడనివాడికేం తెలుస్తుందిరా" అని అందరికీ వినపడేలా అంటాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆడిన అనుభవం కోచ్‌కి చేతిలో ఉన్న ఆస్తి. అది లేనివాడు జట్టుని నడపలేడని నేను ఒప్పుకోను, కానీ ఆ లోటుని అతను మరో చోట కష్టపడి పూడ్చుకోవాలి. ఆ కష్టం ఏమిటో ఫలానా ఫలానా అని పేరు పెట్టి చెప్పొచ్చు. ఈ రోజు నా మాటల్లో ఎక్కువ భాగం దాని గురించే.

మన తెలుగువాళ్లకి దగ్గరి ఉదాహరణ సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ వారు, వృత్తికి బడిపంతులు. ఉస్మానియాలో చదువుకునే రోజుల్లో, తర్వాత స్థానిక క్లబ్బులో ఆడారు. దేశం తరఫున ఆడలేదు. అలాంటి మనిషి 1943 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని, 1950 నుంచి భారత జట్టుని నడిపించారు. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని వరసగా ఐదుసార్లు గెలిచింది. భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో మళ్లీ స్వర్ణం తెచ్చింది. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి స్వర్ణం రాలేదు.

రహీం గారు పెట్టిన పోటీలు చూస్తే ఆయనలోని పంతులు కనిపిస్తాడు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలని ఒక టోర్నమెంటు పెట్టారు. డ్రిబ్లింగ్, అంటే బంతిని కాళ్లతో తోసుకుంటూ ఎదుటివాళ్లని దాటుకెళ్లడం, చెయ్యకూడదని ఇంకొకటి పెట్టారు. కుడికాలి వాటం పిల్లాడికి "ఎడమకాలు కూడా వాడరా" అని వందసార్లు చెప్పినా మ్యాచ్‌లో మళ్లీ కుడికాలే వస్తుంది. నియమమే మార్చేస్తే చెప్పాల్సిన పని ఉండదు, ఆటే వాడికి నేర్పుతుంది. రేపు మీరూ చెయ్యొచ్చు. చివరి పది నిమిషాల ఆటలో కుడికాలు బంతికి తగిలితే ఎదుటి జట్టుకి ఫ్రీకిక్ అనండి. మొదటి రెండు రోజులు ఆట కుంటుతుంది, పిల్లలు విసుక్కుంటారు, గోల్స్ పడవు. అక్కడ ఆపెయ్యకండి. కనీసం మూడు వారాలు, వారానికి మూడుసార్లు జరిగితేనే తేడా తెలుస్తుంది.

జకార్తా గురించి ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. ఆ పోటీల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం గారు అతన్ని ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు, దక్షిణ కొరియాతో ఫైనల్‌లో 2-1తో గెలిచిన మ్యాచ్‌లో రెండు గోల్స్‌లో ఒకటి అతనిదే. ఈ కథని అందరం గర్వంగా చెప్పుకుంటాం. కానీ మీ బడి పిల్లాడికి తలకి దెబ్బ తగిలితే మాత్రం ఈ కథ గుర్తు చేసుకోకండి. తల తిరుగుతోందన్నా, వాంతి వస్తోందన్నా, స్కోరు ఎంతో చెప్పలేకపోయినా, ఆఖరికి మీకు అనుమానం వచ్చినా సరే, బయటికి తీసెయ్యండి. ఆ రోజు మళ్లీ గ్రౌండ్‌లోకి పంపకూడదు. తలకి ఏమీ కాలేదని తేల్చాల్సింది డాక్టరు గారు.

ప్రపంచంలో చూస్తే ఇటలీకి చెందిన అర్రిగో సాక్కీ వాళ్ల నాన్న చెప్పుల వ్యాపారంలో పనిచేసినవాడు, ప్రొఫెషనల్‌గా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఇటలీలో పెద్ద క్లబ్బు ఏసీ మిలాన్‌కి కోచ్‌గా వచ్చినప్పుడు అక్కడి పత్రికలవాళ్లు సరిగ్గా ఈ ప్రశ్నే వేశారు. జాకీ కావాలంటే ముందు గుర్రమై ఉండాలని నాకు తెలియదే అన్నది ఆయన జవాబు. 1989లో, 1990లో వరసగా రెండు యూరోపియన్ కప్పులు గెలిచాడు. 1994లో బ్రెజిల్‌కి ప్రపంచ కప్ తెచ్చిన కార్లోస్ అల్బెర్టో పరీరా వ్యాయామ శిక్షకుడిగా మొదలైనవాడు, అంటే మన వృత్తివాడే. 1970 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ ఫిట్‌నెస్ బృందంలో పనిచేశాడు. పోర్చుగల్‌కి చెందిన మొరీనియో కోచ్‌గా పైకి రాకముందు బాబీ రాబ్సన్ అనే ఇంగ్లిష్ కోచ్‌కి దుబాసీగా పనిచేశాడు. జర్మనీకి చెందిన నాగెల్స్‌మన్ మోకాలి దెబ్బతో 20 ఏళ్లకే ఆట మానేసి, 2016 ఫిబ్రవరిలో 28 ఏళ్ల వయసులో అక్కడి హోఫెన్‌హైమ్ క్లబ్బు పగ్గాలు పట్టాడు.

ఈ పేర్లు వినగానే గుండె నిబ్బరం వస్తుంది. కానీ వీటి నుంచి తప్పు పాఠం తీసుకునే ప్రమాదం ఉంది. సాక్కీ నేరుగా మిలాన్‌కి రాలేదు. సొంత ఊరి జట్టుతో మొదలుపెట్టి, చిన్న జట్లు, కుర్రాళ్ల జట్లు చూసుకుంటూ పదేళ్లకు పైగా గడిపాడు. తర్వాత పార్మా అనే క్లబ్బుతో మిలాన్‌నే ఓడించాకే మిలాన్ యజమాని కంటపడ్డాడు. నాగెల్స్‌మన్ అంతకు ముందు, 2014లో, అదే క్లబ్బు 19 ఏళ్ల లోపు కుర్రాళ్లని జర్మనీ ఛాంపియన్లుగా చేశాడు. ఇటలీ కోచ్ మౌరీజియో సర్రీ బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు చిన్న ఊళ్ల జట్లకి నేర్పినవాడు. ఆడినవాడికి ఆ పేరు మీద తలుపు తొందరగా తెరుచుకుంటుంది. ఆడనివాడు ఆ తలుపు దగ్గరికి చేరేలోపు ఎన్నో ఏళ్లు గ్రౌండ్ పక్కన కాపు కాసి చూసిన చూపు, రాసిన నోటు పుస్తకాలు వెంట తెచ్చుకుంటాడు. వాళ్లని గెలిపించినవి ఆ ఏళ్లు.

ఇక ఆడి, నేర్పి రెండింటిలోనూ శిఖరం ఎక్కినవాళ్లూ ఉన్నారు. ఆటగాడిగా, కోచ్‌గా ప్రపంచ కప్ గెలిచినవాళ్లు ముగ్గురు: బ్రెజిల్ జగాలో, జర్మనీ బెకెన్‌బవర్, ఫ్రాన్స్ దెషాం. మరోపక్క మారడోనా కంటే గొప్పగా ఆడినవాణ్ణి చూపించమంటే కష్టం. 2010లో ఆయన కోచ్‌గా ఉన్న అర్జెంటీనా క్వార్టర్ ఫైనల్‌లో జర్మనీ చేతిలో 4-0తో ఓడింది. ముందు మెస్సీ లాంటివాళ్లు, వెనక డిఫెండర్లు, మధ్యలో మస్చెరానో దాదాపు ఒంటరి. జర్మనీవాళ్లు ఆ ఖాళీలోంచే పరిగెత్తారు. బంతి కాలి దగ్గర ఉన్నప్పుడు ఏం చెయ్యాలో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఖాళీ ఎక్కడ పెరుగుతోందో బయట నిలబడి చూడటం వేరే విద్య.

ఇంతకీ ఆట ఆడటం వల్ల మనిషికి ఏం వస్తుంది? ముఖ్యంగా సమయం తెలుస్తుంది. ఎదుటివాడు మీదికి వస్తుంటే బంతి ఆపి తలెత్తడానికి అరక్షణం ఉంటుందా, క్షణం ఉంటుందా అన్నది ఒంటికి తెలుస్తుంది. ఎండలో అరగంట పరిగెత్తాక కాలు మాట వినదని తెలుస్తుంది. గట్టు మీద నుంచి చూసేవాడికి ప్రతి పాస్ సులువుగానే కనిపిస్తుంది, అందుకే ఆడనివాడు పిల్లల్ని ఊరికే తిడతాడు. మన లోటుల్లో పెద్దది ఇదే. దీనికి మందు కూడా చిన్నదే. వారానికి ఒక్కరోజు, పది నిమిషాలు, పిల్లల ఆటలో మీరూ ఒక మూల నిలబడి ఆడండి. గోల్ కొట్టాలని కాదు, బంతి మీ దగ్గరికి వచ్చినప్పుడు ఎంత తక్కువ టైం ఉంటుందో తెలియడానికి. ఆ పది నిమిషాల తర్వాత మీ కేకలు సగానికి తగ్గుతాయి.

దీంతోపాటు రోజూ పావుగంట బడి ప్రహరీ గోడకి 5 మీటర్ల దూరంలో నిలబడి కుడికాలితో 50, ఎడమకాలితో 50 పాస్‌లు కొట్టండి. రెండు నెలల్లో పిల్లలకి చూపించేంత పాస్ వస్తుంది. నలభై ఏళ్లు దాటినవారికీ వస్తుంది.

ఇప్పుడు ఆడినవాడి లోటు చూద్దాం. సైకిల్ బాగా తొక్కేవాణ్ణి, పడిపోకుండా ఎలా నిలబడతావు అని అడగండి. "బ్యాలెన్స్" అంటాడు. నిజానికి సైకిల్ ఎటు ఒరిగితే అటువైపు హ్యాండిల్ కొంచెం తిప్పుతున్నాడు. చెయ్యి చేస్తోంది గానీ నోటికి తెలియదు. బాగా ఆడినవాడి విద్య కూడా చాలావరకు అలాగే ఒంట్లో దాక్కుని ఉంటుంది. పిల్లాడు పాస్ తప్పు కొడితే ఆయన "అలా కాదురా, ఇలా" అని ఫట్‌మని కొట్టి చూపిస్తాడు. పాస్ అద్భుతం. పిల్లాడికి అర్థమైంది సున్నా. వేగంగా చేసి చూపించిన పనిలో ఏది ముఖ్యమో చిన్న కంటికి దొరకదు.

ఆ పాస్‌నే దగ్గరగా చూద్దాం, ఆడనివాడు ఎక్కడ నెగ్గగలడో ఇక్కడ తెలుస్తుంది. కాలి లోపలి వైపుతో కొట్టే మామూలు పాస్ ఇది. ఆనుకునే కాలు బంతి పక్కనే, జానెడు దూరంలో పడాలి. ఆ కాలి వేళ్లు బంతి ఎటు వెళ్లాలో అటు చూడాలి. కొట్టే కాలి చీలమండ బిగించి, బొటనవేలు కాస్త పైకి లేపి, బొటనవేలి మొదలుకీ మడమకీ మధ్య ఉన్న లోపలి భాగం బంతి నడిమికి తగలాలి. తగిలాక కాలు అక్కడే ఆగకుండా బంతి వెనకాలే కొంచెం వెళ్లాలి.

ఈ మాటలు కంఠతా పట్టి పిల్లలకి అప్పజెప్పమని నేను చెప్పడం లేదు. బంతి ఎలా వెళ్లిందో చూసి తప్పు ఎక్కడుందో వెనక్కి లెక్క కట్టండి. బంతి గాల్లోకి లేచిందంటే ఆనుకునే కాలు వెనకబడింది, లేదా ఒళ్లు వెనక్కి వాలింది. బంతి ఎగిరెగిరి పడుతూ వెళ్తే నడిమికి పైన తగిలింది. పక్కకి సుడి తిరుగుతూ వెళ్తే చీలమండ వదులుగా ఉంది, లేదా తుంటి తెరుచుకోలేదు. నేరుగా వెళ్లింది కానీ సగంలో ఆగిపోయిందంటే తగలగానే కాలు ఆపేశాడు. ఇది డాక్టరు నాడి పట్టినట్టే. ఆడి ఉండాల్సిన పని లేదు, చూసి ఉండాలి. ఒక పిల్లాడి పాస్‌లు ఇరవై, మరెవరినీ చూడకుండా చూస్తే వాడి తప్పు ఏదో దొరుకుతుంది. దొరికాక ఒక్కటే చెప్పండి. ఆనుకునే కాలు, చీలమండ, తుంటి, అన్నీ ఒకేసారి చెబితే పిల్లాడు బిగుసుకుపోతాడు, అంతకుముందు వచ్చిన పాస్ కూడా పోతుంది.

చేసి చూపించడానికి ఆ పని సరిగ్గా చేసే పిల్లనో పిల్లాణ్ణో పిలవండి. మిగతావాళ్ల కళ్లలో సూర్యుడు పడకుండా నిలబెట్టండి. పాస్ అయితే పక్క నుంచి చూడాలి, ఎటు వెళ్తోందో చూడాలంటే వెనక నుంచి. మూడుసార్లు మాటలు లేకుండా చేయించండి, నాలుగోసారి మీరు ఒక్క మాట అనండి, "చీలమండ చూడండి" అని. ప్రతిసారీ అదే పిల్లాణ్ణి పిలవకండి, మిగతావాళ్లు వాడిని దూరం పెడతారు. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే, బంతి ఎత్తుకి ఫోన్ దించి, మూడు నాలుగు మీటర్ల దూరంలో పక్క నుంచి తియ్యండి. నిలబడి పైనుంచి తీసిన వీడియోలో పాదం ఎక్కడ పడిందో కనపడదు.

బంతి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 12 ఏళ్ల దాకా 4వ నంబరు బంతి, ఆ పైన 5వ నంబరు. నియమాల ప్రకారం 5వ నంబరు బంతిలో గాలి ఒత్తిడి 8.5 నుంచి 15.6 పీఎస్‌ఐ. మీటరు లేకుండా సైకిల్ షాపులో గాలి కొట్టిస్తే బంతి రాయిలా అవుతుంది. మన గట్టి ఎర్రమట్టి మీద అది మోకాలెత్తు ఎగురుతుంది, పిల్లాడు బంతి ఆపలేకపోతాడు, మనం వాడిని తిడతాం. తప్పు గాలిది. గట్టి నేల మీద కింది అంకెకి దగ్గరగా ఉంచండి. సూది పొడిగా దూర్చకండి, తడిపి దూర్చండి, లేకపోతే వాల్వు చిరిగి రెండు రోజులకోసారి గాలి దిగిపోతుంది.

కబడ్డీ ఆడినవారు ఇప్పుడు కొంచెం ముందుకు జరగండి, ఇది మీ కోసం. కూతకి వచ్చినవాడు ఎడమ కార్నర్ వైపు వెళ్తే మీ చైన్ ఏం చేస్తుంది? మొత్తం కదులుతుంది. ఎడమ కార్నర్ జాగ్రత్తగా వెనక్కి ఒదుగుతాడు, కవర్లు అటు జరుగుతారు, కుడి కార్నర్ కూడా ఉన్నచోటే నిలబడిపోడు, లోపలికి వస్తాడు. ఒకడు తొందరపడి దూకితే చైన్ తెగుతుంది, కూతగాడు ఆ సందులోంచి గీత దాటేస్తాడు. ఫుట్‌బాల్‌లో నలుగురు డిఫెండర్ల వరస అచ్చం ఇదే. బంతి ఎడమ అంచుకి వెళ్తే ఎడమ బ్యాక్ బంతి మీదికి వెళ్తాడు, మధ్య ఇద్దరూ ఎడమకి జరుగుతారు, కుడి బ్యాక్ గోల్ మధ్యకి వచ్చేస్తాడు. అవతలి అంచు ఖాళీగా కనిపిస్తుంది, కనిపించనివ్వండి, బంతి అక్కడికి వెళ్లేలోపు మళ్లీ జరగొచ్చు. సాక్కీ మిలాన్‌లో చేయించినది కూడా ఇలా కలిసి కదలడమే. ముందు వరసకీ వెనక వరసకీ మధ్య సుమారు 25 మీటర్లు ఉండేలా, బంతే లేకుండా, ఎదుటి జట్టు లేకుండా, గంటల తరబడి కదిలించేవాడు. బడి పిల్లలకి 35 మీటర్లు ఉన్నా చాలు.

నేర్పడానికి 5 మీటర్ల తాళ్లు మూడు తెచ్చి నలుగురి నడుములకి వదులుగా కట్టండి. బంతి మీరు చేత్తో పట్టుకుని అటూ ఇటూ నడవండి. తాడు బిగుసుకుంటే ఒకడు వెనకబడ్డాడని, నేలకి జారితే దగ్గరైపోయారని పిల్లలకే తెలుస్తుంది. నడకతోనే చెయ్యండి, పరుగెత్తితే తాడు కాళ్లకి చుట్టుకుని పడతారు. పది నిమిషాల తర్వాత తాళ్లు విప్పి అదే చేయించండి. ఒక్కచోట మాత్రం కబడ్డీని మర్చిపోవాలి. అక్కడ కూతగాణ్ణి లోపలికి రానిచ్చి పట్టేస్తారు. ఇక్కడ బంతి ఉన్నవాణ్ణి లోపలికి రానివ్వకూడదు. చేతికందే దూరంలో ఆగి, పక్కకి తిరిగి నిలబడి, అంచు వైపు తోలుతూ ఆలస్యం చెయ్యాలి. కబడ్డీ పిల్లలు ఫుట్‌బాల్‌లో చేసే మొదటి తప్పు ఇదే, కాళ్ల మీదికి దూకేస్తారు.

చూడటం గురించి. మ్యాచ్‌లో కన్ను బంతి వెంట పరిగెడుతుంది, ఆడినవాడికైనా ఆడనివాడికైనా. బంతి ఎదుటి గోల్ దగ్గర ఉన్నప్పుడు మన వెనక వరసని చూడటం అలవాటు చేసుకోండి. ఆ సమయంలో మన డిఫెండర్లు నడుము మీద చెయ్యి పెట్టుకుని తమ పెనాల్టీ బాక్స్‌లోనే ఉండిపోతే, బంతి పోయిన మరుక్షణం మధ్యలో సగం గ్రౌండ్ ఖాళీ. నోటు పుస్తకంలో గ్రౌండ్ బొమ్మ గీసి తొమ్మిది గళ్లు చెయ్యండి. మన జట్టు బంతి పోగొట్టుకున్న ప్రతిసారీ ఆ గడిలో ఒక చుక్క. పదిహేను నిమిషాలు చాలు. చుక్కలన్నీ ఒక గడిలో గుంపుగా పడితే విరామంలో ఏం చెప్పాలో దొరికినట్టే. మొదటి పది నిమిషాలు అరవకండి. అరుస్తున్న మనిషి చూడలేడు.

విరామంలో మొదటి మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, మీరు కూడా. నీడ, నీళ్లు, దెబ్బలు చూడటం. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. 36 డిగ్రీలకే పిల్లలు వాడిపోతారు. పావుగంటకోసారి ఒక గ్లాసు నీళ్లు, దాహం వేసినా వెయ్యకపోయినా. తర్వాత ఇద్దరు పిల్లల్ని అడగండి, "అవతలివాళ్లు ఎటునుంచి వస్తున్నారు?" అని. లోపల ఉన్నవాడికి తెలిసిన సంగతి మీకు తెలియకపోవచ్చు. ఆపైన రెండే మాటలు చెప్పండి, బంతి మనదైనప్పుడు ఒకటి, వాళ్లదైనప్పుడు ఒకటి.

సాధన లెక్క చెప్తాను, ఇందులో ఆడినవాళ్లు కూడా తరచుగా పొరపడతారు. 22 మంది పిల్లలు వరసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు గోల్‌కి కొట్టడం మన గ్రౌండ్లలో రోజూ కనిపించే దృశ్యం. ఒక్కొక్కరికి 8 సెకన్లు అనుకుంటే వరస తిరిగి రావడానికి దాదాపు మూడు నిమిషాలు. ఇరవై నిమిషాల్లో ఒక పిల్లాడి కాలికి బంతి ఆరేడుసార్లు తగులుతుంది. మిగతా టైం అంతా ముందువాణ్ణి గిల్లడం. అదే ఇరవై నిమిషాలు నలుగురు బయట, ఇద్దరు లోపల ఆట పెట్టండి, బయటివాళ్లు బంతి అందించుకుంటుంటే లోపలివాళ్లు దాన్ని లాక్కోవాలి. ఆరుగురి గుంపులు మూడు, మిగిలిన నలుగురికి ముగ్గురు బయట, ఒకడు లోపల. నాలుగు బంతులు చాలు. మూడు సెకన్లకో పాస్, మధ్యలో ఆగినవి పోను పన్నెండు నిమిషాల ఆట జరిగినా గుంపుకి 240 పాస్‌లు, ఆరుగురూ వంతులు మార్చుకుంటే తలా 40.

గడి 8 మీటర్లు చదరంగా మొదలుపెట్టండి. మూడు పాస్‌లు దాటకుండా బంతి పోతుంటే గడి రెండు అడుగులు పెంచండి, పదిహేను దాటుతుంటే తగ్గించండి. సాధారణంగా జరిగే తప్పు, బయటివాళ్లు మూలల్లో పాతుకుపోయి నిలబడటం. బంతి ఉన్నవాడికి ఇరుపక్కలవాళ్లు గీత మీద జరుగుతూ కనపడాలి. లోపలి ఇద్దరూ చెరోవైపు పరిగెడితే మధ్యలోంచి పాస్ పోతుంది. ఒకడు బంతి మీదికి, రెండోవాడు వాడి వెనక ఏటవాలుగా సందు మూస్తూ.

సాధనకి దొరికే గంటాపావులో మొదటి 20 నిమిషాలు, దెబ్బలు తగ్గించడానికి ఫిఫా తయారుచేయించిన 11+ వార్మప్‌కి ఇచ్చెయ్యండి. 8 నిమిషాలు పరుగు, 10 నిమిషాలు బలం, నిలకడ, గెంతులు, 2 నిమిషాలు మళ్లీ వేగం పరుగు, మొత్తం 15 వ్యాయామాలు. మనం చదువుకున్న విద్య ఇది, ఇందులో ఆడినవాడి కంటే మీరు ఒక మెట్టు పైనే ఉంటారు. మోకాళ్ల మీద నిలబడి, జతగాడు మడమలు పట్టుకుంటే, ఒళ్లు నిటారుగా నెమ్మదిగా ముందుకు వాలే వ్యాయామం మొదట 3 నుంచి 5 సార్లే. ఎక్కువ చేయిస్తే మర్నాడు తొడ వెనక పట్టేసి పిల్లలు రారు. గెంతి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి ముడుచుకోకుండా చూడండి, ఆడపిల్లల విషయంలో మరీ జాగ్రత్త.

గోల్‌కీపర్‌కి నేర్పడం మాత్రం ఆడనివారికి అసలైన పరీక్ష. గట్టి నేల మీద నిలబడి డైవ్ చెయ్యమంటే తుంటి ఎముక, భుజం దెబ్బతింటాయి. మీ బడిలో లాంగ్ జంప్ ఇసుక గొయ్యి ఉంటుంది కదా, పారతో ఇసుక తిరగేసి రాళ్లు, గాజు ముక్కలు ఏరేసి అక్కడ నేర్పండి. మొదట కూర్చుని పక్కకి ఒరగడం, తర్వాత మోకాళ్ల మీద నుంచి, తర్వాత గొంతుకూర్చుని, ఆఖరికి నిలబడి. మోచెయ్యి ఒంటి కిందకి రాకూడదు. ఒక్కో మెట్టుకి కనీసం నాలుగు రోజులు.

ఒక మేడం గారు అడుగుతున్నారు, తను ఖోఖో క్రీడాకారిణి, ఫుట్‌బాల్ ఆడలేదని పిల్లలకి చెప్పాలా, వద్దా అని. చెప్పండి అమ్మా. దాచినా రెండు రోజుల్లో మీరు బంతి తన్నే తీరు చూసి కనిపెట్టేస్తారు, అప్పుడు మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది. తెలియని ప్రశ్న వస్తే "రేపు చెప్తాను" అనండి, రేపు తప్పకుండా చెప్పండి. ఆ రేపు మర్చిపోవడమే మర్యాద పోగొట్టేది. ఫుట్‌బాల్ పదిహేడు నియమాలూ చదివి పెట్టుకోండి. త్రో ఇన్, గోల్ కిక్, కార్నర్ కిక్ నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ (ఎదుటి డిఫెండర్లని దాటి ముందే నిలబడి బంతి అందుకునే తప్పు) లేదు. 2019 నుంచి గోల్ కిక్ పెనాల్టీ బాక్స్ దాటాల్సిన పని లేదు, తన్నాక బంతి కదిలితే ఆట మొదలైనట్టే. ఒకప్పుడు ఆడినవాళ్లలో కొందరు ఇప్పటికీ పాత నియమమే చెప్తారు.

ఇంకో మాస్టారు అడిగారు, ఊళ్లో పాత ఆటగాడు ఒకాయన సాయం చేస్తానంటున్నారు, రానివ్వాలా అని. రెండు చేతులా ఆహ్వానించండి. అయితే ఆ రోజు ఏం చెయ్యాలన్నది మీరు రాసి ముందే చూపించండి. షూటింగ్, హెడర్లు, ఎదుటివాడు మీదికి వస్తే బంతి ఎలా దాచాలన్నది ఆయనకి ఇవ్వండి. ఏదైనా ఒకసారి మామూలు వేగంతో, ఒకసారి సగం వేగంతో, ఒకసారి మధ్యలో ఆగుతూ చూపించమని అడగండి. ఆయన ఆటలోకి దిగి పిల్లలతో పోటీ పడితే మాత్రం ఆపండి, ఆడుతున్న మనిషి నేర్పలేడు. పిల్లాడు మోకాలి చిప్ప కింద, ఎముక మీద నొప్పి అంటే "మేం ఓర్చుకోలేదా" అని ఆయన అనొచ్చు. పది నుంచి పదిహేనేళ్ల వయసులో అది ఎదిగే ఎముక మీద కండరం లాగడం వల్ల వచ్చే నొప్పి, గెంతులు, గట్టి షాట్లు తగ్గించాల్సిందే, తగ్గకపోతే డాక్టరుకి చూపించాల్సిందే. ఆ మాట మీరే ఆయనకి చెప్పాలి, పిల్లల ముందు కాకుండా. మ్యాచ్ రోజు గీత పక్క నుంచి అరిచే గొంతు ఒక్కటే ఉండాలి. ఎవరిదన్నది ఉదయమే తేల్చుకోండి.

లైసెన్సుల గురించి కూడా అడిగారు. భారత ఫుట్‌బాల్ సమాఖ్య కోచ్‌లకి మెట్లుమెట్లుగా లైసెన్సు కోర్సులు పెడుతుంది, పై మెట్టు ప్రో. మీరు అడుగు మెట్టు నుంచే మొదలుపెట్టండి. ఈ కోర్సుల్లో మీ చేత సాధన చేయించి చూస్తారు. ఇప్పుడు చెప్పుకున్న ఆరుగురి ఆట నడపడంలో మీ చెయ్యి తిరిగి ఉంటే భయపడాల్సింది లేదు.

ఎండ దిగింది. బంతులు సంచిలో ఉన్నాయి, కోన్లు మెట్ల దగ్గర. ఆరుగురు ఆరుగురుగా విడిపోండి. కబడ్డీవాళ్లు నలుగురు తాళ్లు పట్టుకుని నా దగ్గరికి రండి. మిగతావాళ్లకి మొదటి అయిదు నిమిషాలు ఎడమకాలు మాత్రమే.